ప్రాగ్‌లో రెండు రోజులు: వీపు సంచితో వెళ్ళి, జేబుకు చిల్లు పడకుండా తిరిగి రావడం ఎలా

ప్రతి సెమిస్టర్ మొదట్లో ఇవే ప్రశ్నలు. "అన్నా, ప్రాగ్ రెండు రోజుల్లో అయిపోతుందా?", "యూరోలు నడుస్తాయా?", "డాయిచ్‌లాండ్ టికెట్ మీద పోవచ్చా?" ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి పెట్టి గొంతు పోయింది. నేనుండేది జర్మనీలో చెక్ సరిహద్దు దగ్గరున్న డ్రెస్డెన్‌లో, చెక్ రాజధాని ప్రాగ్‌కి రైల్లో రెండున్నర గంటల లోపే. వచ్చిన ప్రతి చుట్టాన్నీ, ప్రతి జూనియర్‌నీ అక్కడికే తీసుకెళ్ళడంతో ఎక్కడెక్కడ పప్పులో కాలేస్తారో నాకు కంఠతా వచ్చేసింది. అందుకే ఒక్కసారి రాసి పెడుతున్నాను.

ఇది జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళ కోసం. ఇండియా నుంచి షెంగెన్ వీసా మీద యూరప్ తిరగడానికి వచ్చినవాళ్ళకి కూడా మూడో అంచె నుంచి అంతా పనికొస్తుంది.

ముందే ఒక మాట. ప్రాగ్‌లో చూడాల్సినవి చూడలేక బాధపడినవాళ్ళు నాకు తగల్లేదు. డబ్బు మార్చుకునే చోట, ట్రాం టికెట్ దగ్గర మోసపోయి బాధపడినవాళ్ళే తగిలారు. కాబట్టి ఆ రెండు అంచెలూ నిదానంగా చదవండి, మిగతావి పైపైన చూసినా ఫరవాలేదు.

ఏమేం కావాలి

- పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్ కార్డు. రెండూ అసలువే, ఫోన్లో ఫోటోలు కాదు.
- స్టూడెంట్ ఐడి. కోటలో 26 ఏళ్ళ లోపు విద్యార్థులకు టికెట్ తగ్గుతుంది.
- వీపు సంచి. చక్రాల సూట్‌కేసు వద్దే వద్దు. పాతబస్తీ అంతా రాళ్ళు పరిచిన వీధులు. చక్రాలు విరగకపోయినా ఆ టకటక చప్పుడుకి వీధంతా మీవైపే చూస్తుంది.
- లోపల మడిచి పెట్టుకునే చిన్న సంచి ఒకటి. పగలు దాన్ని వేసుకుని తిరగొచ్చు.
- చిన్న తాళం కప్ప. హాస్టల్ లాకర్లకి చాలాచోట్ల తాళం మనదే.
- అరిగిన అడుగులున్న బూట్లు కాదు, పట్టున్నవి. వాన పడితే ఆ రాళ్ళు నూనె రాసినట్టు జారతాయి.
- రెండు బ్యాంకు కార్డులు, వేర్వేరు చోట్ల. ఒకటి సంచిలో, ఒకటి జేబులో.
- నీళ్ళ సీసా. కుళాయి నీళ్ళు నిర్భయంగా తాగొచ్చు.
- పులిహోర పొట్లం. నవ్వకండి, తిండి దగ్గరికి వచ్చాక మీకే తెలుస్తుంది.

1. టికెట్ కొనడం

బెర్లిన్, డ్రెస్డెన్ మీదుగా ప్రాగ్ వెళ్ళేవి యూరోసిటీ రైళ్ళు. వాటిలో డాయిచ్‌లాండ్ టికెట్, అంటే జర్మనీ నెలవారీ పాస్, చెల్లదు. అది లోకల్, రీజినల్ బళ్ళకే. "సరిహద్దు దాకా చెల్లుతుంది కదా" అని యూరోసిటీలో కూర్చున్నవాళ్ళకి టికెట్ ఇన్‌స్పెక్టర్ పక్క ఊరు పిర్నా దాటకముందే పాఠం చెప్పేస్తాడు.

టికెట్‌ని జర్మన్ రైల్వే యాప్‌లో ఒకసారి, చెక్ రైల్వే అంటే చెస్కే ద్రాహీ సైట్‌లో ఒకసారి చూసి, ఏది తక్కువైతే అది కొనండి. అదే రైలు, అదే సీటు, చెక్ సైట్‌లో తక్కువకి రావడం నాకు చాలాసార్లు అనుభవమే. ముందుగా కొన్న చవక టికెట్లు సాధారణంగా ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి, తప్పిపోతే పోయినట్టే. బస్సులు ఇంకా చవక, కానీ సరిహద్దు తనిఖీల్లో ఇరుక్కుంటే సమయం చెప్పలేం.

శుక్రవారం సాయంత్రం బయలుదేరగలిగితే అదే ఉత్తమం. శనివారం పొద్దున అయితే మొట్టమొదటి బండి. ఎందుకో ఏడో అంచెలో చెప్తాను.

2. రైలెక్కడం, సరిహద్దు

డ్రెస్డెన్ నుంచి వెళ్ళేటప్పుడు రైలు నడిచే దిశలో ఎడమవైపు కిటికీ పట్టుకోండి. పిర్నా దాటగానే ఎల్బే నది పక్కకి వచ్చేస్తుంది, అవతలి ఒడ్డున ఇసుకరాతి శిఖరాలు నిటారుగా లేస్తాయి. సరిహద్దు దాటాక అదే నదికి పేరు లాబే. మా అమ్మ వచ్చినప్పుడు గంటసేపు కిటికీ అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది, పులిహోర సంగతి కూడా మర్చిపోయి.

పోయేటప్పుడు ఎవరూ ఏమీ అడక్కపోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం జర్మన్ పోలీసులు రైలెక్కి పాస్‌పోర్ట్ అడగడం ఇప్పుడు మామూలైపోయింది. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది. కార్డు గడువు అయిపోయి, కొత్తది చేతికి రాక, అపాయింట్‌మెంట్ మెయిల్ ఒక్కటే ఉన్నవాళ్ళు సరిహద్దు దాటకండి. ప్రాగ్ వెయ్యేళ్ళకు పైగా అక్కడే ఉంది, వచ్చే నెల కూడా ఉంటుంది.

3. దిగడం

"ప్రహా" అని మైకులో వినబడగానే సంచి ఎత్తుకుని పరిగెత్తకండి. (చెక్ వాళ్ళు తమ ఊరిని ప్రహా అనే అంటారు.) ముందు వచ్చేది ప్రహా హోలెషోవిత్సె. మీరు దిగాల్సింది ఆ తర్వాతది, ప్రహా హ్లవ్నీ నాద్రజీ, అంటే మెయిన్ స్టేషన్. పొరపాటున హోలెషోవిత్సెలో దిగిపోయినా కంగారేం లేదు, రెండుచోట్లా ఎర్ర రంగు సి లైన్ మెట్రోనే.

స్టేషన్‌లో దిగగానే చేయకూడని పనులు రెండు. డబ్బు మార్చకండి. టాక్సీ కావాలా అని దగ్గరకొచ్చినవాళ్ళతో మాట కలపకండి. అంత అవసరమైతే యాప్‌లో క్యాబ్ పిలవండి, రేటు ముందే కనబడుతుంది.

విమానంలో దిగేవాళ్ళకి: ఎయిర్‌పోర్టుకి మెట్రో లేదు. 59 నంబరు ట్రాలీబస్సు ఎక్కి నాద్రజీ వెలెస్లవీన్ దాకా వెళ్ళి, అక్కడ ఆకుపచ్చ ఎ లైన్ మెట్రో అందుకోవాలి. మొత్తానికి ఊళ్ళో తిరిగే మామూలు టికెట్టే చాలు. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ అని రాసి ఉన్న బస్సుకి మాత్రం ఆ టికెట్ చెల్లదు, వేరే కొనాలి.

4. డబ్బు

చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది, షెంగెన్‌లో ఉంది, కానీ యూరో అక్కడి నాణెం కాదు. కొరునా. ఇది రాసే నాటికి ఒక యూరోకి సుమారు 24, 25 కొరునాలు. బయలుదేరే రోజు రేటు చూసి గుర్తుపెట్టుకోండి. ఆ ఒక్క అంకె తలలో ఉంటే సగం మోసాలు మీ దగ్గరికి రావు.

యూరోలు తీసుకునే దుకాణాలు ఉంటాయి. వాళ్ళ రేటు వాళ్ళదే, చిల్లర కొరునాల్లో ఇస్తారు. ఒక మంచినీళ్ళ సీసాకి అయిదు యూరోల నోటిచ్చి ఆ చిల్లర లెక్కపెట్టుకుంటే తెలుస్తుంది ఎవరు బాగుపడ్డారో.

నేను చేసేది: కార్డు. దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. పబ్లిక్ టాయిలెట్లకీ, వీధి బండ్లకీ, కొన్ని పాత పబ్బులకీ మాత్రం ఓ వెయ్యి కొరునాల నగదు జేబులో ఉంచుకుంటాను. రెండు రోజులకి అది చాలు.

ఏటీఎం దగ్గర: బ్యాంకు గోడకి ఉన్న ఏటీఎంలోనే తీయండి. పర్యాటకులు తిరిగే ప్రతి మూలా బ్యాంకువి కాని ఏటీఎంలు కూడా నిలబడి ఉంటాయి, వాటి రుసుములు తడిసి మోపెడవుతాయి. ఏ యంత్రమైనా చివర్లో ఒక తెర వస్తుంది: "మీ ఖాతాలోంచి ఇన్ని యూరోలు తీసుకుంటాం, ఒప్పుకుంటారా?" అని. కింద రెండు బటన్లు. ఒకటి పచ్చగా పెద్దగా "విత్ కన్వర్షన్", ఇంకొకటి మూలన నక్కినట్టు "వితౌట్ కన్వర్షన్". పచ్చదాంట్లో రేటు ఆ యంత్రానిది, నష్టం మనది. మూలనున్నదే నొక్కండి. అది నొక్కితే డబ్బు రాదేమో అని భయపెట్టే మాటలు కూడా తెరమీద వస్తాయి. వస్తుంది. దుకాణంలో కార్డు మెషీన్ "యూరోనా కొరునానా" అని అడిగితే జవాబు ఎప్పుడూ కొరునానే.

నోట్లు మార్చుకోక తప్పనివాళ్ళు: డబ్బు మార్చే అంగడిని అక్కడ స్మ్యెనార్నా అంటారు. బోర్డు మీద "0% కమిషన్" అని ఉంటుంది, అబద్ధం కాదు, ఎందుకంటే దోచేది కమిషన్‌లో కాదు, రేటులో. కౌంటర్‌లో నోటు పెట్టకముందే "వంద యూరోలకి చేతికి ఎన్ని కొరునాలు?" అని అడిగి కాగితం మీద అంకె రాయించుకోండి. మీ తలలో ఉన్న అంకెతో పోల్చండి. నచ్చకపోతే నోటు జేబులోంచి తీయకుండానే నడిచి రండి. మొహమాటం పడితే ఖర్చు మనదే.

పొరపాటున మార్చేశారా? 2019 ఏప్రిల్ నుంచి అక్కడ ఒక చట్టం ఉంది. వెయ్యి యూరోల విలువ లోపు మార్పిడిని, మూడు గంటల లోపు అదే అంగడికి వెళ్ళి రద్దు చేసుకోవచ్చు. కారణం చెప్పక్కర్లేదు. రసీదు ఉండాలి. మా తమ్ముడు నేను టాయిలెట్‌కి వెళ్ళొచ్చే లోపల యాభై యూరోలు ఇచ్చి ఎనిమిది వందల చిల్లర కొరునాలు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. పన్నెండు వందలు రావాలి. రసీదు పట్టుకుని వెంటనే వెనక్కి తీసుకెళ్ళాను. గాజు పలక వెనకున్నావిడ ముందు తల అడ్డంగా ఊపింది. నేను గడియారం చూపించి, రసీదు మీద టైము చూపించి, "త్రీ అవర్స్, లా" అన్నాను. అంతే. ఇంకో మాట లేకుండా ఒక ఫారం జరిపి, యాభై నోటు జరిపింది. మేము అరవలేదు, ఆవిడా అరవలేదు. ఈ చట్టం ఉందని తెలిసినవాడు రోజుకి ఎందరు వస్తారో ఆవిడకి తెలుసు.

వీధిలో మనిషి వచ్చి "మంచి రేటిస్తా" అంటే ఆగకండి కూడా. వాళ్ళిచ్చేవి చెల్లని వేరే దేశపు పాత నోట్లు. ఈ మోసానికి పైన చెప్పిన మూడు గంటల చట్టం కాపాడదు.

*సరిచూసుకోవడం:* సాయంత్రం హాస్టల్‌లో బ్యాంకు యాప్ తెరిచి ఒక్క లావాదేవీ భాగించి చూడండి. కొరునాలని యూరోలతో భాగిస్తే పొద్దున చూసిన రేటుకి దగ్గరగా రావాలి. బాగా తక్కువ వచ్చిందంటే ఎక్కడో పచ్చ బటన్ నొక్కారన్నమాట.

5. మెట్రో, ట్రాం టికెట్

ప్రాగ్ మెట్రోలో గేట్లుండవు. హైదరాబాద్ మెట్రోలాగా కార్డు పెడితే తెరుచుకునే తలుపు ఏదీ లేదు. నేరుగా ఎస్కలేటర్ మీదకి నడిచిపోవచ్చు. అక్కడే మనవాళ్ళు దొరికిపోతారు, టికెట్ లేక కాదు, టికెట్ మీద ముద్ర లేక.

కాగితం టికెట్ కొంటే అది ఇంకా ప్రాణం లేని కాగితమే. ఎస్కలేటర్ మొదలయ్యే ముందు, ట్రాంలో అయితే తలుపు దగ్గర, చిన్న పసుపు పెట్టె ఉంటుంది. టికెట్ మీద బాణం గుర్తున్న వైపు లోపలికి పెడితే "టక్" అని తేదీ, సమయం పడతాయి. సమయం లెక్క అక్కణ్ణించి మొదలు. 24 గంటల టికెట్ అంటే ముద్ర పడిన నిమిషం నుంచి 24 గంటలు. కాబట్టి శనివారం మధ్యాహ్నం కొట్టినది ఆదివారం మధ్యాహ్నం దాకా వస్తుంది. మళ్ళీ ఎక్కినప్పుడు మళ్ళీ కొట్టకండి. ముద్ర మీద ముద్ర పడితే ఉన్న టికెట్ పాడవుతుంది.

వేరే దారులు:

- ట్రాం లోపల నారింజ రంగు యంత్రం ఉంటుంది. కార్డు తాకిస్తే టికెట్ వస్తుంది. దీనికి ముద్ర అక్కర్లేదు, సమయం అప్పటికే అచ్చయి ఉంటుంది.
- లీతచ్కా అనే నగర రవాణా యాప్. టికెట్ కొని ఊరుకుంటే చాలదు, యాక్టివేట్ చేయాలి. ఎప్పటినుంచి చెల్లుతుందో తెరమీద కనబడుతుంది. ఆ సమయం వచ్చాకే ఎక్కండి. ఇన్‌స్పెక్టర్‌ని చూశాక కొనడం అనే మన తెలివి వాళ్ళకి ఎప్పుడో తెలుసు.

ఇన్‌స్పెక్టర్లు మామూలు బట్టల్లో ఉంటారు. అరచేతిలో బిళ్ళ చూపిస్తారు. జరిమానా వెయ్యి కొరునాలకి తక్కువ కాదు. "నేను టూరిస్టుని, తెలీదు" అన్న మాట ఆ రోజు వాళ్ళు విన్న ఇరవయ్యోది అయి ఉంటుంది. బిళ్ళ చూపించమని అడగడం మీ హక్కు, రసీదు అడగడం కూడా.

ఏ టికెట్ కొనాలి? ఇక్కడ నా అభిప్రాయం నలుగురికీ నచ్చదు: మొదటి రోజుకి రోజు పాస్ దండగ. పాతబస్తీ, వంతెన, లెత్నా కొండ అన్నీ నడిచే దూరమే. రెండో రోజు, కోట, విషెహ్రాద్ బురుజులు ఉన్న రోజున తీసుకోండి. పెద్దవాళ్ళతో వెళ్తే మాత్రం రెండు రోజులకీ తీసుకోండి, మోకాళ్ళ ముందు లెక్కలు పనికిరావు.

ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడండి, ఎడమ పక్క హడావుడిగా దిగేవాళ్ళది. అవి మనకి అలవాటైన వాటికంటే వేగంగా పోతాయి, చాలా లోతుకి పోతాయి. నామ్యెస్తీ మీరు అనే స్టేషన్‌లోది 87 మీటర్లు, యూరోపియన్ యూనియన్‌లోకెల్లా పొడుగైనది. చీర కుచ్చెళ్ళు, చున్నీలు జాగ్రత్త.

6. హాస్టల్

పాతబస్తీ చౌరస్తా మీదే గది కావాలని పట్టుపట్టకండి. రాత్రి తాగినవాళ్ళ పాటలు ఉచితంగా వస్తాయి. మెట్రోలో రెండు మూడు స్టేషన్ల దూరంలో, జిజ్కోవ్, కర్లీన్, హోలెషోవిత్సె వైపు చూడండి. పాస్‌పోర్ట్ అడుగుతారు, విదేశీయుల వివరాలు నమోదు చేయడం వాళ్ళకి చట్టం. ఊరి పన్ను అని రాత్రికి మనిషికి కొంత విడిగా అడగడం కూడా మోసం కాదు, బుకింగ్‌లో కలిసి ఉందో లేదో మాత్రం చూసుకోండి. గది మధ్యాహ్నం ఇచ్చినా సంచి పొద్దున్నే పెట్టనిస్తారు. పెట్టేసి రోడ్డెక్కండి.

7. మొదటి రోజు: కిందివైపు

ముందు ఆదివారం సంగతి. కోటలో ఉన్న సెయింట్ వీటస్ కెథీడ్రల్ ఆదివారం పొద్దున ప్రార్థనలకే. సందర్శకులకి మధ్యాహ్నం తర్వాతే తలుపులు తీస్తారు. శని, ఆదివారాల్లో వెళ్ళేవాళ్ళు కోటని ఆదివారం పొద్దునకి పెట్టుకుని, గుడి ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని వచ్చేస్తారు. మీరు శుక్రవారం రాత్రే చేరితే శనివారం కోట, ఆదివారం మిగతావి. శనివారం పది లోపు చేరినా అంతే, కోటని ఆ మధ్యాహ్నమే ముగించండి. అంటే కింద రాసిన రెండు రోజుల్నీ తారుమారు చేసుకోవాలి. వారం మధ్యలో వెళ్ళేవాళ్ళకి ఉన్నది ఉన్నట్టే.

స్టేషన్ నుంచి నడిస్తే పది నిమిషాల్లో వాత్స్లవ్‌స్కే నామ్యెస్తీ. చౌరస్తా అంటారు గానీ నిజానికి ముప్పావు కిలోమీటరు పొడుగున్న వెడల్పాటి వీధి. పై కొసన నేషనల్ మ్యూజియం. దాని ముందే 1969 జనవరిలో యాన్ పలఖ్ అనే విద్యార్థి, సోవియట్ సేనల ఆక్రమణకి నిరసనగా ఒంటికి నిప్పంటించుకున్నాడు. నేలమీద ఉబ్బెత్తుగా శిలువ ఆకారం ఒకటి ఉంటుంది, జనం తెలీక దాటుకుంటూ పోతుంటారు. 1989 నవంబర్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం దిగిపోయే దాకా జనం నిండిపోయింది కూడా ఈ వీధిలోనే.

కింది కొసకి వస్తుంటే గాజు పలకల భవనం మీద "బాటా" అని కనిపిస్తుంది. మన బాటానే. బడి తెరిచే ముందు నాన్న తీసుకెళ్ళి కొనిపెట్టిన నల్ల బూట్ల బాటా. అది ఇండియా కంపెనీ అని ఇరవై ఏళ్ళు నమ్మినవాణ్ణి నేను. 1894లో జ్లీన్ అనే చెక్ ఊళ్ళో పుట్టింది. ఈ దుకాణం 1929 నాటిది. మనవాళ్ళని ఎవర్ని తీసుకెళ్ళినా కోట కంటే ఇక్కడే ఎక్కువ ఫోటోలు దిగుతారు.

అక్కణ్ణించి పాతబస్తీ చౌరస్తా. టౌన్ హాల్ గోడకున్న ఖగోళ గడియారం 1410 నాటిది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా గంట గంటకీ పైన చిన్న కిటికీలు తెరుచుకుని బొమ్మలు తిరుగుతాయి. ఒక నిమిషం కూడా ఉండదు. పక్కనున్న ఎముకల గూడు బొమ్మ గంట తాడు లాగుతుంది, అది చూడండి. అందరూ ఫోన్లు పైకెత్తి ఉండే ఆ నిమిషమే జేబుదొంగలకి పండగ. సంచి ముందుకి వేసుకోండి, ఫోన్ వెనక జేబులో వద్దు.

సాయంత్రం సూర్యాస్తమయానికి గంట ముందు చెఖూవ్ వంతెన దాటి, ఎదురుగా మెట్లెక్కి లెత్నా పార్కుకి వెళ్ళండి. పైన పెద్ద మెట్రోనోమ్ (సంగీతంలో తాళం లెక్కపెట్టే లోలకం) ఊగుతూ ఉంటుంది. 1955 నుంచి 1962 దాకా అక్కడ రాతి స్టాలిన్ నిలబడి ఉండేవాడు, తర్వాత పేల్చేశారు. అక్కణ్ణించి నదివైపు తిరిగి కుడిచేతివైపు కొంచెం నడిస్తే వ్లతవా నది మీద వంతెనలన్నీ వరసగా, ఒకదాని వెనక ఒకటి కనబడతాయి. టికెట్ లేదు, క్యూ లేదు. గోపురాలెక్కడానికి కట్టే డబ్బు ఇక్కడ మిగిలిపోతుంది.

8. రెండో రోజు: వంతెన, కోట, విషెహ్రాద్

అలారం అయిదింటికి. అవును, అయిదింటికే. చార్లెస్ వంతెనని పగలు చూడటమంటే కోటి దీపోత్సవంలో తోసుకుంటూ నడవడమే. ఆరింటికి వెళ్ళండి. 516 మీటర్ల వంతెన, 30 విగ్రహాలు, నది మీద పొగమంచు, పెళ్ళి ఫోటోలు తీయించుకునే జంట ఒకటో రెండో. రాజు నాలుగో చార్లెస్ దీనికి పునాదిరాయి 1357లో, తొమ్మిదో తేదీ, ఏడో నెల, పొద్దున 5 గంటల 31 నిమిషాలకి వేయించాడని చెప్తారు. 1-3-5-7-9-7-5-3-1. ముహూర్తాల పిచ్చి మనకే ఉందనుకుంటాం.

వంతెన దిగి మలా స్త్రానా వీధుల్లో ఏదైనా బేకరీలో కడుపు నింపుకుని కోటకి ఎక్కండి. ఎక్కలేకపోతే 22 నంబరు ట్రాం, ప్రజ్‌స్కీ హ్రద్ స్టాపు. (ఈ ట్రాంలోనూ జేబు మీద చెయ్యి వేసి ఉంచండి.) కోట ఆవరణలోకి పొద్దున ఆరు నుంచి ఉచితంగానే పోవచ్చు. గుడి, పాత రాజభవనం, గోల్డెన్ లేన్ లాంటివి తొమ్మిదింటికి తెరుస్తారు. వేసవిలో అయిదు దాకా, నవంబర్ నుంచి మార్చి దాకా నాలుగుకే మూసేస్తారు. ద్వారం దగ్గర సంచి తనిఖీ ఉంటుంది, పెద్ద సంచి మోసుకెళ్తే మీకూ వెనకవాళ్ళకీ ఇబ్బంది.

చేసే తప్పు: తొమ్మిదిన్నరకి టూర్ బస్సులతో పాటు రావడం. తొమ్మిదికి పది నిమిషాల ముందే గుడి తలుపు దగ్గర ఉండండి. 1344లో మొదలుపెట్టి 1929లో ముగించారు దీన్ని, దాదాపు ఆరు శతాబ్దాలు. లోపల రంగు అద్దాల వెలుగు నేలమీద పడుతుంది. గోల్డెన్ లేన్‌లో 22 నంబరు నీలం ఇంట్లో రచయిత కాఫ్కా కొన్నాళ్ళు కూర్చుని రాసుకున్నాడు. తల వంచకపోతే గుమ్మం తగిలేంత చిన్నది. అంతకుమించి ఆ వీధిలో పెద్దగా ఏమీ లేదని నా ఉద్దేశం.

తర్వాత మలోస్త్రాన్‌స్కా స్టేషన్‌కి దిగి, ఎ లైన్‌లో ముజెయుమ్ దాకా, అక్కడ మారి సి లైన్‌లో విషెహ్రాద్. చాలామంది దీన్ని వదిలేస్తారు, నేనైతే కోట లోపలి సగం వదిలేసి ఇక్కడ కూర్చుంటాను. నది మీద బురుజులు, పెద్ద చెట్లు, ద్వోర్జాక్, స్మెతనా లాంటి సంగీతకారులు పడుకున్న శ్మశానం. పిల్లల్ని తోపుడుబండిలో తిప్పే ఊరివాళ్ళే ఎక్కువ. మిగిలిన పులిహోర ఇక్కడ బురుజు గోడ మీద కూర్చుని తినండి.

ఓపికుంటే ఇంకొకటి: దెయ్‌విత్సె వైపు "థాకురోవా" అనే వీధి, ట్రాం స్టాపు ఉన్నాయి. ఠాగూర్ పేరే. అక్కడ ఆయన విగ్రహం కూడా ఉంది.

9. తిండి

శాకాహారులు "వెజిటేరియన్" అంటే చాలదు, "బెజ్ మసా" అనాలి, మాంసం లేకుండా అని. సూప్‌లో కూరగాయలే కనిపించినా అడుగున మాంసం ఉడికించిన నీళ్ళు ఉండొచ్చు, అడగండి. ఎక్కడికెళ్ళినా దొరికేది స్మజెనీ సీర్, అంటే చీజ్‌కి రొట్టె పొడి అద్ది నూనెలో వేయించినది, ఆలుగడ్డలతో. రెండు పూటలు తింటే మూడో పూటకి ఆవకాయ కలలోకొస్తుంది.

మాంసం తినేవాళ్ళకి మూడు మాటలు: హొవ్యెజీ అంటే గొడ్డు మాంసం, వెప్ర్‌జోవే అంటే పంది, కుర్‌జె అంటే కోడి. గులాష్ అన్నది మామూలుగా గొడ్డు మాంసంతోనే వస్తుంది. తినని వాళ్ళు ముందే అడగండి.

పాతబస్తీ చౌరస్తా బండ్ల మీద కాల్చిన పంది తొడ వాసన వస్తుంటుంది. బోర్డు మీద ధర చవకగా కనబడుతుంది. కింద చిన్న అక్షరాల్లో "100 గ్రాములకి" అని ఉంటుంది. వాళ్ళు అడక్కుండానే ముప్పావు కిలో కోసి తూకం వేసేస్తారు. ఎంత కావాలో ముందే వేళ్ళతో చూపించండి. ఇనప కడ్డీకి చుట్టి కాల్చే త్రదెల్నీక్ అనే తీపి రొట్టె "ప్రాచీన చెక్ వంటకం" అని రాసి అమ్ముతారు. రుచిగానే ఉంటుంది, ఆ ప్రాచీనం మాత్రం టూరిస్టుల కోసం పుట్టినదే.

చవకగా తినాలంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం పూట "దెన్నీ మెను" అని బోర్డున్న చోటికి పొండి, ఆఫీసు ఉద్యోగులు తినే చోటు. టేబుల్ మీద అడక్కుండా పెట్టిన రొట్టె బుట్ట ఉచితం కాకపోవచ్చు. బిల్లుని "ఊచెత్" అంటారు, వచ్చాక అంకెలు చదవండి. పాత పబ్బుల్లో గ్లాసు ఖాళీ అయితే అడక్కుండానే ఇంకో బీరు వచ్చేస్తుంది, చీటీ మీద ఒక గీత పెరుగుతుంది. చాలు అనుకుంటే గ్లాసు మీద అట్టబిళ్ళ మూతలా పెట్టేయండి. నోటితో చెప్పక్కర్లేదు.

10. రాత్రి

మెట్రో అర్ధరాత్రి దాకా, శుక్ర, శనివారాల్లో ఇంకో గంట ఎక్కువ. తర్వాత తొంభైల నంబర్ల రాత్రి ట్రాంలు నడుస్తాయి, అన్నీ లజర్‌స్కా అనే స్టాపులో కలుస్తాయి. ఆ పేరు రాసిపెట్టుకుంటే దారి తప్పినా అక్కడికొచ్చి మీ బండి పట్టుకోవచ్చు. ఏదైనా జరిగితే 112.

11. తిరుగు ప్రయాణం

విషెహ్రాద్ నుంచి మెయిన్ స్టేషన్ సి లైన్‌లో మూడో స్టాపు. సంచి హాస్టల్‌లో ఉంటే ముందు అది తెచ్చుకుని, రైలుకి అరగంట ముందు స్టేషన్‌లో ఉండండి. ప్లాట్‌ఫారం నంబరు బోర్డు మీద ఆఖర్లో పడుతుంది, పడగానే అందరూ ఒకేసారి కదులుతారు. ఎక్కేముందు జేబులు తడుముకోండి: పాస్‌పోర్ట్, కార్డు, ఫోన్, హాస్టల్ తాళం కప్ప. తాళం కప్ప నేను మూడుసార్లు అక్కడే లాకర్‌కి వదిలేసి వచ్చాను.

మిగిలిన కొరునాల నాణేలు జర్మనీలో ఎవరూ మార్చరు. స్టేషన్‌లోని సూపర్‌మార్కెట్‌లో ఆ చిల్లరంతా కౌంటర్ మీద పోసి రొట్టో, పండ్లో కొనండి, తక్కువైనదానికి కార్డు గీకుతానంటే ఒప్పుకుంటారు. ఈసారి కిటికీ కుడివైపు.